నేను తప్పుగా కొలిచిన మూడు రోజులు

నేను ఒక చేతి గడియారాన్ని. రోజూ కీ ఇస్తేనే నడిచే పాత రకం. తెల్లకోట్లు వేసుకున్న అమ్మాయిలు ఊపిరి బిగబట్టి నన్ను ఒక్కొక్క ముక్కగా కూర్చారు. తలవెంట్రుక కన్నా సన్నని స్ప్రింగు ఒకటి నాలో చుట్టలుగా ఉంటుంది. అది ముడుచుకుని విచ్చుకుంటుంటేనే నాకు నడక.

నన్ను కొన్నది సలోమి. సామర్లకోటలో నర్సు. సెకన్ల ముల్లు పొడుగ్గా, ఎర్రగా ఉందని నన్ను ఏరుకుంది. ముప్పై నాలుగేళ్ళపాటు ఆవిడ వేళ్ళు రోగుల మణికట్ల మీద, కళ్ళు నా మీద. టైమెంతయిందో గోడ గడియారాన్ని అడిగేది. నన్ను అడిగేది ఒక్క నిమిషమే.

ఆవిడ రిటైరయ్యాక మిగిలిన రోగి ఒక్కరే, భర్త ఆశీర్వాదం. ఆయన గుండె బలహీనపడింది. డాక్టరు ఒక మాత్ర రాసి, "నాడి అరవైకి తగ్గితే ఆ రోజు వెయ్యొద్దు" అని గట్టిగా చెప్పారు. అందుకని పొద్దున్నే నాకు కీ ఇచ్చి నాడి లెక్కపెట్టి, ఆ తరవాతే మాత్ర చేతిలో పెట్టేది.

ఒకనాడు ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు ఆశీర్వాదం నా వెనక మూత ఊడదీశాడు. కీ తిప్పుతుంటే భార్య వేళ్ళు నొప్పిపెడుతున్నాయని ఆయనకు తెలుసు. కుట్టుమిషను నూనె ఒక చుక్క వేసి, మూత బిగించి, ఏమీ ఎరగనట్టు పెట్టేశాడు. మనుషుల ప్రేమకు కొలత ఉండదు. ఆ చుక్క నాకు చెరువంత.

నూనె పాకి స్ప్రింగు చుట్టలు ఒకదానికొకటి అంటుకున్నాయి. అంటుకున్న స్ప్రింగు పొట్టిదైనట్టే, నేను పరుగందుకున్నాను. అరవై సెకన్లకు చెప్పాల్సినదాన్ని యాభైకే నిమిషం అయిపోయిందని చెబుతున్నాను. ఆగుదామంటే ఆగలేను. అరుద్దామంటే నోరు లేదు.

"యాభై ఆరు" అంది సలోమి. మళ్ళీ చూసింది. యాభై ఆరే. మాత్ర డబ్బాలోకి తిరిగి వెళ్ళిపోయింది.

మర్నాడూ అంతే. డాక్టరుగారు ఊళ్ళో లేరు, సోమవారం వస్తారన్నారు. మూడోనాటికి ఆశీర్వాదం పాదాలు ఉబ్బాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. సలోమి గంటగంటకూ నాడి చూస్తోంది. నాడి చూసినప్పుడల్లా నేను అబద్ధం చెబుతున్నాను.

ఆ సాయంత్రం మేడమీద అద్దెకుండే హైమావతి పలకరించడానికి వచ్చింది. ఇరిగేషను ఆఫీసులో ప్లాన్లు గీసే ఉద్యోగం. పాత వాచీలు విప్పి బాగుచేయడం ఆవిడకు సరదా. సలోమి భర్త మణికట్టు పట్టుకుని నా వంక చూస్తుంటే, హైమావతి తల వంచి చెవి నా దగ్గరికి తెచ్చింది.

"సిస్టరుగారూ, ఒక్కసారి ఆగండి. మీ వాచీ పరుగెడుతోంది."

ఫోను తీసి నా పక్కన పట్టింది. నా ఎర్రముల్లు ఒక చుట్టు తిరిగొచ్చేసరికి ఫోనులో యాభై సెకన్లే అయ్యాయి. ఫోను చూస్తూ మళ్ళీ లెక్కపెడితే నాడి డెబ్బై.

సలోమి మాత్రల డబ్బా వైపు చూసింది. "నేనే... మూడ్రోజులు మాత్ర ఆపేశాను."

"నేనే నూనె వేశానే" అన్నాడు ఆశీర్వాదం రొప్పుతూ. "నీకు కీ తేలిగ్గా తిరుగుతుందని."

ఆయన్ని ఆటోలో కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. నన్ను హైమావతి పట్టుకెళ్ళింది.

రెండు రోజులు ఆవిడ బల్ల మీద విప్పేసిన ముక్కలుగా పడి ఉన్నాను. అక్కడ ఆయన ఎలా ఉన్నాడో తెలియదు. హైమావతి కంటికి అద్దం బిగించుకుని, స్ప్రింగుని పట్టకారుతో ఎత్తి పెట్రోలులో ముంచింది. కాస్త మెలిక పడితే నా పని సరి. ఆవిడ పైపెదవి మీద చెమట పట్టింది. పట్టకారు ఒకసారి వణికింది. పక్కన పెట్టి, చేతులు కడుక్కొచ్చి, మళ్ళీ మొదలుపెట్టింది.

మూడోరోజు ఆశీర్వాదాన్ని ఇంటికి తెచ్చారు. వాపు తీసింది. హైమావతి నన్ను సలోమి ముందు పెట్టింది. ఆవిడ ముట్టుకోలేదు.

"వద్దమ్మా. నా మీద నాకే నమ్మకం పోయింది. నాడి చూడ్డానికి మిషను కొనేసుకుంటాం."

"కొనుక్కోండి. ముందు నాది చూడండి" అని హైమావతి చెయ్యి చాపింది. రెండో చేతిలో ఫోను.

చాలాసేపటికి సలోమి నన్ను అందుకుంది. ముల్లు ఒక చుట్టు తిరిగింది. ఫోనులోనూ సరిగ్గా అరవై.

"నూట పన్నెండు! ఏంటే ఇది? జొరమా?"

"జొరం కాదండీ. ఆ స్ప్రింగు తీసిన దగ్గర్నుంచీ ఇంతే. ఇదివరకు రెండు వాచీలు పాడుచేశాను. మీకు చెబితే ఇవ్వరని చెప్పలేదు."

సలోమి నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తరవాత మంచం వైపు తిరిగింది.

"ఏవండీ, చెయ్యి ఇలా ఇవ్వండి."

ఆయన ఇచ్చాడు. ఆవిడ పెదవులు కదుపుతూ లెక్కపెడుతోంది. ముగ్గురూ నన్నే చూస్తున్నారు. నేను నడుస్తున్నాను, ప్రతి సెకనుకూ భయపడుతూనే.