నా తరఫున చెప్పిన జవాబు

చట్నీకి కొబ్బరి తురుముతుంటే వెనక నుంచి మా అత్త రంగమ్మాళ్ అంది, "ఊళ్ళో వాళ్ళకంతా పెండ్లి సంబంధాలు చూసిపెట్టేదానికి ఇంజనీరింగు చదవాల్నా ఏంది? మా కాలంలో పెండ్లిండ్లు కుదిర్చే తరగరు ఒకడే సంచి తగిలించుకోని వస్తా ఉండె. వానికి ఏ కంప్యూటరు ఉండె?"

నేను నవ్వాను. ఆమెది ఎకసెక్కం కాదు, నిజంగానే అర్థంకాని సంగతి. పాప నందితకు జడలు వేసి, నా భర్త ముకుందన్ క్యారియర్లో సాంబారన్నం సర్ది, అత్తకు ఉప్పు తక్కువగా వేరే కూర దించి, నిలబడే రెండు ఇడ్లీలు మింగాను. "నిలబడి తినకు సుధా, ఒంటికి పట్టదు," అన్నాడు ముకుందన్, పేపరు మడతపెడుతూ, కూర్చుని. ఆయన మంచివాడు. ఈ మాట నేను ఎంతమందికి చెప్పానో, ఎంతమంది నాకు చెప్పారో. చెయ్యెత్తి కొట్టడు, జీతం ఎంతని అడగడు. ఆ మంచితనం కింద నేను ఎందుకింత అలిసిపోతున్నానో మాత్రం ఎవరికీ చెప్పుకోలేను. చెబితే నాదే తప్పులా వినపడుతుంది.

మా ఇల్లుండే మూలకుళం నుంచి బస్టాండుకు, అక్కడి నుంచి ఆఫీసుండే కాలాపేట బస్సుకు. పై కమ్మీ పట్టుకుని నిలబడే నిద్రపోవడం ఆ దారిలోనే నేర్చుకున్నాను. ఆ రోజు నిద్ర రాలేదు. తమిళుల ఆడి నెల ముందురోజుతో అయిపోయింది. ఆడిలో పెళ్ళి మాట ఎత్తరు. తర్వాతి నెల ఆవణి పుట్టిన పొద్దున మాత్రం ఆడపిల్లల తండ్రులూ మగపిల్లల తల్లులూ అందరూ ఒక్కసారిగా మేం క్లయింటుకు నడిపిపెట్టే పెళ్ళి సంబంధాల వెబ్‌సైటు మీద పడతారు. అందులో వెతుకులాట భాగం నాది. వెనక నాలుగు సర్వర్లు, రెండు కొత్తవి, రెండు పాతవి. వచ్చే ప్రతి వెతుకులాటనూ వాటికి పంచిపెట్టే యంత్రం ముందు ఒకటి. అది వరసగా పంచుతుంది, నీకొకటి, నీకొకటి అని. వచ్చేవన్నీ ఒక్క బరువు కావు. ఊరి పేరుతో వెతికితే క్షణంలో తేలిపోతుంది. నక్షత్రం, గోత్రం, ఎత్తు, ఉద్యోగం, రంగు అన్నీ కలిపి అడిగితే సర్వరుకు ఊపిరాడదు. వరస తప్పని పంపకంలో అలాంటివి పాత సర్వరు నెత్తిన పడ్డాయంటే అది కూలుతుంది, దాని బరువు మిగతా వాటి మీద పడుతుంది, అవీ కూలుతాయి.

ఈ పంపకం మార్చాలని జూన్‌లోనే మేనేజరు త్యాగరాజన్ గారికి చెప్పాను. ఆఫీసులో తమిళమూ ఇంగ్లీషూ తప్ప వినపడవు. ఆయన మాత్రం నాతో తెలుగే మాట్లాడతాడు, మనోళ్ళ పిల్ల అని. "నడస్తా ఉండేదాన్ని యాల కదిలించేదమ్మా? తర్వాత చూస్తాం," అన్నాడు. వెంటనే, "చెన్నై నుంచి క్లయింటోళ్ళు వస్తాండారు, కాఫీ టిఫను నువ్వు చూసుకో. ఆడమనిషి చెయ్యి పడితే ఒక ఇది ఉంటాది," అన్నాడు. చూసుకున్నాను.

ఆవణి పొద్దున నేను సీట్లో కూర్చునేసరికి పాత సర్వరొకటి పడింది. నేను దాన్ని లేపుతుండగానే రెండోది. త్యాగరాజన్ నా కుర్చీ వెనక అటూ ఇటూ తిరిగాడు. ఇంటి నుంచి ఫోన్. ఇంగువ డబ్బా యాడుండాదని అత్త. మళ్ళీ ఫోన్. గ్యాసు బండ వచ్చింది, పాతది విప్పేది ఎట్టని. చెవికీ భుజానికీ మధ్య ఫోన్ నొక్కుకుని, ఎటు తిప్పాలో చెబుతూనే, పంచే యంత్రానికి కొత్త పద్ధతి రాశాను. ఇక వరస లేదు. ఎవరి చేతిలో పని తక్కువుంటే వాళ్ళకే తర్వాతిది. పాతవాటికి సగం వాటా. మొదట భయపడ్డాను, అంకెలు తప్పు వేశానేమోనని. కాసేపటికి తెర మీద సర్వర్ల బరువు చూపే గీతలు ఒక్కొక్కటే దిగి, దిగిన చోట నిలిచాయి. మధ్యాహ్నానికి నాలుగూ నడుస్తున్నాయి. "మా టీమ్ సరిచేసేసింది సార్," అని త్యాగరాజన్ క్లయింటుకు ఫోన్లో చెబుతున్నాడు. అది కొత్త సంగతి కాదు కాబట్టి టిఫిన్ డబ్బా తీసుకుని పైన వరండాలోకి పోయాను.

మా టీమ్‌లోనే నాకంటే చిన్నవాడు బాలమురుగన్ వచ్చి పక్కన కూర్చున్నాడు. తన డబ్బా మూత తీయకుండానే తమిళంలో అన్నాడు, "అక్కా, సర్వర్లన్నీ చెన్నైకి మార్చే పనికి నన్ను లీడ్‌గా వేశారు. అది మీ పని. సార్‌తో అన్నాను కూడా. మీ ఇంట్లో వద్దన్నారని చెప్పారు. నిజమేనా?"

చేతిలో ముద్ద డబ్బాలోనే పెట్టేశాను.

కిందికి దిగి త్యాగరాజన్‌ను అడిగాను. ఆయన దాచలేదు. దాచాల్సిన సంగతని ఆయనకు తోచనే లేదు. "ముకుందన్ను ఎవరిదో పెండ్లిలో చూసినప్పుడు అడిగినా. వారంలో రెండు దినాలు చెన్నైకి పొయ్యి రావాల గదా. 'పాపం, ఆమెకు సమాళించేదానికి కాదు సార్, వద్దు' అన్న్యాడు. నీ మంచికే అమ్మా."

"నన్ను ఎందుకు అడగలే సార్?"

ఆయన నిజంగా ఆశ్చర్యపోయాడు. "ఇంట్లో అడిగితే నిన్ను అడిగినట్టే గదా?"

కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది. నా బుర్రలో ఇంకొకటి తిరుగుతోంది. ఆ రోజు ఆయన నన్నే అడిగి ఉంటే నేనేమనేదాన్ని? ఇంట్లో అడిగి చెప్తాను సార్, అనేదాన్ని. ఈ పదేళ్ళలో నా గురించి ఎవరేం అడిగినా నేను ఇచ్చిన జవాబు అదే. సినిమాకు, చీర రంగుకు, మా అమ్మను చూడబోవడానికి. నా జవాబు నా దగ్గర ఉండదని వీళ్ళకు నేర్పింది ఎవరు?

"ఇప్పుడు అడగండి సార్," అన్నాను.

"ఏంది?"

"చెన్నై పని చేస్తావా అని నన్ను అడగండి."

అటూ ఇటూ చూసి, నవ్వబోయి, మానేసి అడిగాడు. చేస్తానన్నాను. "మరి ఇంట్లో..." అన్నాడు. "ఇంట్లో చెప్తాను," అన్నాను.

సాయంత్రం ముకుందన్ వాకిట్లో కుర్చీ వేసుకుని ఉన్నాడు. చెప్పులు విప్పకుండానే చెప్పాను. ఆయన అరవలేదు. బాధపడ్డాడు. "నీకు కష్టమని గదా నేను వద్దన్నా. దినమూ ఒళ్ళు హూనమై వస్తాండావు. నాకు కండ్లు లేవా? చూస్తా ఉండా గదా."

ఇన్నేళ్ళూ ఆయనకు కనపడలేదనే అనుకున్నాను. కనపడక కాదు. చూశాడు. వంటగది, పాప జడలు, ఉప్పు తక్కువ కూర, ఇంగువ డబ్బా, గ్యాసు బండ అన్నీ చూశాడు. చూసి, నా అలసట తగ్గించడానికి ఆయన తీసేసింది వాటిలో ఒక్కటీ కాదు, నాకిష్టమైన ఒకే ఒక్క పనిని.

"కష్టం తగ్గించాలనుకుంటే వేరేవి ఉండాయి," అన్నాను. "చెన్నై పొయ్యే రెండు దినాలూ పొద్దున వంట, పాపను బడికి పంపేది మీరు చూడండి. చూస్తారా?"

ఆయన మెడ తిప్పి, లోపల దీపం పెడుతున్న వాళ్ళమ్మ వైపు చూశాడు.

"అత్త వైపు చూడొద్దు," అన్నాను. "నేను అడగతా ఉండేది మిమ్మల్ని."