రాజ్మా గింజల పందెం

ఆరు గింజలు కాయాలా, పది కాయాలా, పదంటే నాగభూషణంగారు ముక్కలు బోర్లా పడేసి వేరుశనక్కాయల మీద పడతారు, ఆయన పిరికితనం సంగతి అలా ఉంచితే, అసలు మనిషి సదాశివరావుగారు, ఒకసారి పందెంలోకి దిగితే ఇల్లు తగలబడుతున్నా లేవరు, ఎంత కాసినా వస్తారు, అయితే ఇవాళ కాయాల్సింది ఆయన మనసు ఎంత ఇస్తుందో అంత కాదు, ఆయన వేళ్లు ఎంత ఇవ్వగలవో అంత, అనుకుంది సరళకుమారి, చేతిలో రాణుల జత, ఏడుల జత, వాటి వెంట ఒక పనికిమాలిన మూడు, ఢిల్లీ మయూర్ విహార్ ఫ్లాట్ మూడో అంతస్తు బాల్కనీలో ఆదివారం మధ్యాహ్నపు చలికాలం ఎండ వీపుకి హాయిగా తగులుతోంది, కింద గోభీ లేలో, మటర్ లేలో అని కూరల బండివాడి కేక, లోపల ఆయన మనవడు చైతుగాడి కేరింతలు, ఆస్పత్రిలో డ్యూటీ దిగి కిక్కిరిసిన రెడ్‌లైన్ బస్సులో నిలబడి వచ్చిన నర్సు పేషెంటు ఇంట్లో కూర్చుని పేకాడుతోందని ఎడ్వర్డ్‌కి తెలిస్తే ఏమంటాడు, చర్చిలో అందరి చేతా పాటలు పాడించే మొగుడు, ఆదివారం పూట డ్యూటీ అయ్యాక ఎక్కడికే అంటే ఒక పెద్దాయన చేత ఎక్సర్‌సైజ్ చేయించాలి అని చెప్పి వచ్చింది, అందులో అబద్ధమేముంది.

ఎక్సర్‌సైజ్ అన్న మాటకే మండిపడేవారు ఈయన, వానలు వెనకబడుతుండగా పక్షవాతం వచ్చింది, కాలు తిరిగొచ్చింది, మాట తిరిగొచ్చింది, కుడిచెయ్యి మాత్రం చెప్పుకింద తొక్కిన ఆకులా ఒళ్లో పడి ఉండేది, రబ్బరు బంతి పిసకండి అంకుల్ అంటే ఎడంచేత్తో దాన్ని బాల్కనీలోంచి విసిరేసి, అండర్ సెక్రటరీగా రిటైరైన వాడి చేత బంతులాడిస్తావా అమ్మాయ్ అన్నారు, ఆ రోజు ఆయన కూతురు వైశాలి వంటింట్లో కళ్లు తుడుచుకుంటూ, దీదీ, ఆప్ హీ కుఛ్ కరో, మీరే ఏదో ఒకటి చేయండి అంది, ఏం చేయాలో తోచక మందుల సొరుగు లాగితే అట్టడుగున పేకముక్కల కట్ట, అది చూసి ఆయన మొహంలో వెలిగిన దీపం, వెంటనే ఆరిపోయిన దీపం, రమ్మీకి పదమూడు ముక్కలు, ఒంటిచేత్తో ఎలా పట్టుకుంటానమ్మా అని, అప్పుడు గుర్తొచ్చాడు నాన్న, విశాఖ రేవులో ఓడెక్కి లోకమంతా తిరిగిన వంటవాడు సాలొమోను, అమ్మ ప్రార్థన కూటానికి వెళ్లగానే కూతుర్ని కూర్చోబెట్టి ఐదు ముక్కల పోకర్ నేర్పిన సాలొమోను, పందెమంటే ముక్కలు కాదే పిల్లా, ఎదర కూకున్న మనిసి, జడిసినోడి కాడ సిన్నగా కాయి, ఒగ్గనోడి కాడ దండిగా కాయి, అనేవాడు బీడీ ఆర్పేసి, అమ్మ చెప్పుల చప్పుడు వినగానే ముక్కలు బియ్యం డబ్బాలోకి పోయేవి.

ఐదు ముక్కలైతే ఎడంచెయ్యి చాలు, కుడిచెయ్యి పందెం కాయడానికే, ఇది తను పెట్టిన నియమం, పక్క బ్లాకు నాగభూషణంగారు మూడో చెయ్యిగా వచ్చి చేరారు, ఇద్దరూ తెనాలి క్లబ్బులో రమ్మీ తాగి పెరిగినవాళ్లు, అందుకే పోకర్లో ఇద్దరూ చంటిపిల్లలు, రమ్మీలో మొదటే వదిలేస్తే పోయేది కొంచెం, ఆట మధ్యలో వదిలేస్తే రెట్టింపు, ఇక్కడ అలా కాదు అంకుల్, అప్పటిదాకా పెట్టిన గింజలు తప్ప ఇంకేమీ పోదు, లేచిపోవచ్చు అని ఎంత చెప్పినా, మిడిల్ డ్రాప్ మా ఇంటా వంటా లేదమ్మాయ్ అంటారు సదాశివరావుగారు, పైగా చేతికొచ్చిన జతని విరగ్గొట్టుకుని సీక్వెన్స్ కోసం ముక్క మారుస్తారు, ఒరేయ్ సదాశివం, జతే గొప్ప ఇక్కడ అని నాగభూషణంగారు నెత్తి కొట్టుకుంటే, జతలు నీకు గొప్పరా, నాకు వరసే అందం అంటారు, ఇంత బలహీనమైన ఆటగాడు దొరికితే నాన్న ఓడ దిగేలోపు చొక్కాతో సహా ఒలుచుకునేవాడు, తను ఒలుచుకోవడానికి రాలేదు, మొదట్లో పందేలకు అఖరోటు కాయలు, అరచేత్తో తోస్తే చాలు, తరవాత బాదంపప్పులు, ఇప్పుడు రాజ్మా, ఈ ఢిల్లీ గింజ తినడానికి కాదు, జూదానికే పుట్టింది అని ఆయన వెక్కిరింత, తక్కువ కాస్తే వేళ్లకు పని ఉండదు, మరీ ఎక్కువ కాస్తే చెయ్యి అలిసి కోపమొచ్చి ఆటే ఆగిపోతుంది, ఆ రెంటికీ మధ్య గీత ఎక్కడుందో రోజూ వెతుక్కుంటూ, రోజుకో గింజ అటు జరుపుకుంటూ ఇంతదాకా తెచ్చింది.

కానీ ఇక జరపడానికి రోజుల్లేవు, బుధవారం చైతుకి అన్నప్రాసన, వైశాలి అత్తవారు హైదరాబాద్ నుంచి వస్తున్నారు, తాతగారు బంగారు ఉంగరాన్ని రెండు వేళ్లతో పట్టుకుని పరమాన్నంలో ముంచి మనవడి నాలిక్కి తాకించాలి, ఎడంచేత్తో పెట్టనా వాడికి మొదటి ముద్ద, నలుగురి ముందూ ఉంగరం పరమాన్నంలో జారవిడవనా, నేను గదిలో తలుపేసుకుంటాను, మీ పని మీరు కానివ్వండి అని తేల్చేశారు, నిన్న మూడో గింజకే వేళ్లు విచ్చుకుపోయాయి, గింజలు బాల్కనీ అంతా దొర్లాయి, ఆయన గోడవైపు తిరిగిపోయారు, అందుకని ఇవాళ ఆరు కాయాలంటే చెయ్యి ఆడలేదు తనకి, నాలుగు చాలేమో, నాలుగైతే జాలి అని కనిపెట్టేస్తారు, జాలి వాసన ఆయన వీధి చివరినుంచే పసిగడతారు.

ఆరు, అంది పైకి, గింజలు మధ్యలోకి తోసి, నేను లేచా బాబూ అన్నారు నాగభూషణంగారు అనుకున్నట్టే, సదాశివరావుగారు ఇందాక ఒక్క ముక్కే మార్చుకున్నారు, మళ్లీ సీక్వెన్స్ వేటే, పడి ఉండదు, పడితే ఆయన ఎడమ మోకాలు సన్నగా ఊగుతుంది, ఈ మధ్యే తను కనిపెట్టిన రహస్యం, ఎవరికీ చెప్పలేదు, మోకాలు వైపు చూసింది, ఊగుతోంది, అయ్యో పడినట్టుంది, పడితే పడనీ ముందు చెయ్యి కదలనీ, కదిలింది, బొటనవేలు, చూపుడువేలు, మధ్యలో ఎర్రటి గింజ, ఒకటి, రెండోది తీస్తుంటే మణికట్టు వణికింది, మూడు, నిన్న ఇక్కడే, ఇక్కడే కదా జారిపోయింది, నాగభూషణంగారి నోట్లో శనక్కాయ నమలడం ఆగింది, నాలుగు, ఐదు, ఆరు, అమ్మయ్య, చాలు అంకుల్ అనబోయింది, చెయ్యి ఆగలేదు, ఏడో గింజ, అరే, ఎనిమిదోది, పెంచుతున్నారు, ఈయన పందెం పెంచుతున్నారు, వైశాలి చైతుని చంకనెత్తుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడిపోయింది, పన్నెండో గింజ పెట్టి వేళ్లు దులుపుకుని, ఏమ్మా, వస్తావా, లేస్తావా అన్నారు, మోకాలు ఇంకా ఊగుతూనే ఉంది, సీక్వెన్స్ పడింది, సందేహం లేదు, రెండు జతలు ఏం చేస్తాయి దాని ముందు, తన ముక్కలు బోర్లా వేసేసింది.

మిడిల్ డ్రాప్ చేశావేం అమ్మాయ్, అని నవ్వుతూ ఆయన ముక్కలు తిప్పారు, ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది, ఆ పక్కన ఏ సంబంధమూ లేని రాజు, ఏమీ లేదు, ఒట్టి డొల్ల, నాగభూషణంగారు ఆయన పారేసిన ముక్క తిప్పి చూసి, మళ్లీ ఎనిమిదుల జత విరగ్గొట్టాడమ్మా వీడు అని గోలపెట్టారు, మరి మోకాలు, అంది తను వెర్రిమొహం వేసి, వారం నుంచి నా మోకాలికేసే చూస్తున్నావుగా, కాస్త ఊపి చూపించా, నాలుగైదు కలిపితే నువ్వు వచ్చేస్తావు, రెట్టింపు చేస్తేనే లేస్తావు, అందుకే రెట్టింపు కాశా అన్నారు, ఆ మాట అంటూనే గుమ్మం వైపు తిరిగి, ఏమే వైశాలీ, బుధవారం దాకా దేనికి, ఆ ఉంగరం ఇటు తే, ఒకసారి పట్టుకుని చూస్తా అన్నారు, వైశాలి అభీ లాయీ నాన్నా, ఇప్పుడే తెస్తా అని చైతుని నాగభూషణంగారి ఒళ్లో కుదేసి లోపలికి పరిగెత్తింది, చైతు వంగి శనక్కాయ పొట్టు గుప్పిట పట్టాడు, సరళకుమారి గింజలు పోగుచేస్తూ తన రాణుల్ని మరోసారి తిప్పి చూసుకుంది, గెలిచే ముక్కలు, ఇన్నాళ్లూ ఎదుటివాడి బలమెంతో చూసి పందెం కాస్తున్నది తనొక్కతే అనుకుంది, ఇవాళ ఆయన తన బలహీనత ఏమిటో చూసి సరిగ్గా అంతే కాశారు, నాన్న ఉంటే పగలబడి నవ్వేవాడు, ఇందాక ఉంగరం కోసం చాచిన ఆ చెయ్యి ఇంకా గాలిలోనే, కుడిచెయ్యే, ఎండలో కొద్దిగా వణుకుతూ నిలబడి ఉంది, రేపటి నుంచి ఆ వేళ్లను చూసి కాయక్కర్లేదు, తన ముక్కలు చూసుకుని కాయాలి.