అద్దంలో ఏకాంత దుఃఖం

ఊళ్లో ఫోటోల ప్రదర్శన ఎక్కడ పెట్టినా మొదట మైకు అందుకునేది పత్రికలో కళల శీర్షిక రాసే విమర్శకుడుగారే. స్టూడియో ఫోటోలంటే ఆయనకి ఒళ్లుమంట. "కెమెరాని చూడగానే మనిషి అబద్ధమైపోతాడు. చెప్పకుండా తీసిందే కళ. అనుమతి అడిగారో, అది అక్కడే చచ్చింది!" అని రాసీ రాసీ పేరు తెచ్చుకున్నారు.

ఈసారివన్నీ వీధుల్లో చాటుగా తీసినవి. తీసిందెవరో తెలీదు. ఫోటోల కట్ట ఎవరో గ్యాలరీ గుమ్మంలో పెట్టి పోయారట. ఆ మాట వినగానే విమర్శకుడుగారికి ప్రాణం లేచొచ్చింది. భార్యని కూడా వెంటబెట్టుకుని బయల్దేరారు.

ఒక పెద్ద ఫోటో ముందు ఆగిపోయారు. ఆగి ఉన్న కారు పక్కన ఎవరో వంగి నిలబడ్డాడు. కనిపించేది వీపే. కారు అద్దంలో మాత్రం ఒక కన్ను, అందులో నీటి బొట్టు.

జనం మూగేదాకా ఆగి, గొంతు వణికించారు. "చూశారా! నడిబజార్లో, చెప్పుకునే దిక్కులేక, అద్దం ముందు ఏడుస్తున్నాడు. ఎవరో మనకి తెలీదు. తెలీకపోవడమే గొప్పతనం. ఈ ఏకాంత దుఃఖం మనందరిదీ!"

ఒకావిడ రుమాలుతో కళ్లొత్తుకుంది.

భార్య కళ్లజోడు సర్దుకుని దగ్గరికెళ్లి చూసింది. "ఏమండీ, మోచేతి దగ్గర ఆ కుట్టు నేనేసిందే. ఇది మీరేనండీ! ఏడుపూ లేదు, పాడూ లేదు. ముక్కులో వెంట్రుక పీక్కుంటున్నారు."

పాపం, తన వీపు తనెప్పుడు చూసుకున్నారు గనక!

కళ్లొత్తుకున్నావిడ రుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. విమర్శకుడుగారు గ్యాలరీ యజమానిని మూలకి లాక్కెళ్లారు.

"ముందు దాన్ని దించండి! నన్నడక్కుండా నా ఫోటో ఎలా పెడతారు?"

"అడిగితే చచ్చిపోతుందని మీరే రాశారు కదండీ. పైగా ఇందాకటిదాకా దాన్ని చూసిన నాథుడు లేడు. మీరు మాట్లాడాకే జనం చేరారు. ఇప్పుడెలా దించమంటారు?"

ఇంటికొచ్చి తలుపేసుకుని, దారిన పోయేవాళ్ల పరువు గురించి, చాటు కెమెరాల దౌర్జన్యం గురించి నిప్పులు చెరుగుతూ వ్యాసం రాశారు. సంపాదకుడు ఒక్క అక్షరం కొట్టెయ్యలేదు. పక్కన బొమ్మ ఉంటే నిండుగా ఉంటుందని గ్యాలరీ నుంచి ఆ ఫోటోనే తెప్పించి అర పేజీ వేశాడు, కింద విమర్శకుడుగారి పేరుతో సహా.

పొద్దున్నే అత్తగారు కూతురికి ఫోన్ చేసింది. "అల్లుడుగారి ఫోటో పేపర్లో పడిందే! కానీ నడిరోడ్డు మీద అంత ఏడుపేమిటే తల్లీ? నువ్వేమైనా అన్నావా?"

"నేనేం అన్లేదమ్మా. ఉండు, ఆయనకే ఇస్తాను, అడుగు" అంటూ భార్య ఫోన్ తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది.