నీలం మూత నీళ్లు

సంగారెడ్డి నుంచి వస్తున్న బస్సు ముత్తంగిలో ఆగేసరికి డాక్టర్ తాజున్నీసా చేతిలోని కాగితాన్ని ఆరోసారి చదువుతోంది. నిన్న సాయంత్రం ల్యాబులో పనిచేసే లతీఫ్ ఇచ్చాడు దాన్ని. కమిటీవాళ్లు అడిగినా అడగొచ్చు, నీళ్లకు అన్ని పరీక్షలూ ఒకసారి చేసి పెట్టమని ఆమే చెప్పింది. సంచీలో పడేసుకుని మరిచిపోయి, పొద్దున బస్సెక్కాక తీసింది.

కాగితం నిండా అంకెలే గానీ ఆమెకు కనబడుతున్నవి రెండే. ఎర్రమూత సీసాలో ఉప్పు లీటరుకు ఆరువందల నలభై మిల్లీగ్రాములు. నీలంమూత సీసాలో నలభై రెండు.

ఎర్రమూత సీసాలోవి బొంతకుంట అనే ఊళ్లో బోరు నీళ్లు. నీలంమూత సీసాలోవి అవే నీళ్లు, ఆమె కట్టించిన ఫిల్టరులోంచి దిగి బయటికొచ్చినవి. ఆ ఫిల్టరు పట్టేది ఆర్సెనిక్‌ని, అంటే మన పాషాణాన్ని. ఉప్పు జోలికి అది పోదు, పోలేదు కూడా. అలాంటప్పుడు ఇంత ఉప్పు ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. ఆ సీసాలో ఉన్నవి అసలు ఆ బోరు నీళ్లే కావు.

పదకొండు గంటలకు ఢిల్లీ నుంచి కమిటీ వస్తోంది, ఆ నీలంమూత సీసాల లెక్కలు చూసి సంతకం పెట్టడానికి.

తాజున్నీసా సంగతి కొంచెం చెప్పాలి. తండ్రి సంగారెడ్డి కోర్టులో ఉర్దూ కాగితాలు తర్జుమా చేసే గుమాస్తా. ఎనభై రెండులో ఆమె ఎమ్మెస్సీ అయింది, ఎనభై నాలుగులో యూనివర్సిటీలో చేరి, ఉద్యోగం చేస్తూనే ఎనభై ఎనిమిదిలో డాక్టరేటు తెచ్చుకుంది. ఆమె పట్టుకున్న విషయం తుప్పు. అవును, ఇనుముకు పట్టే తుప్పే. దాన్ని కంటికి కనబడనంత సన్నటి రేణువులుగా చేసి నీళ్లలో పెడితే పాషాణం వచ్చి వాటికి అతుక్కుంటుందని ఆమె నమ్మకం. యూనివర్సిటీలో ఆమెకు తుప్పు మేడమ్ అని పేరు పెట్టారు, అదీ ఆమెకు వినబడేటట్టుగా. తనతోపాటు చేరినవాళ్లు ప్రొఫెసర్లయ్యారు. తన దగ్గర చదువుకున్నవాడొకడు తనతో సమానంగా రీడరయి పక్క గదిలో కూర్చున్నాడు. ఈలోగా నానో అనే మాట దేశంలోకి దిగింది. నిన్నటి తుప్పు తెల్లారేసరికి నానో అయి కూర్చుంది. తుప్పు మేడమ్ అన్న నోళ్లే సభల్లో "మా నానో మేడమ్" అని పరిచయం చేయడం మొదలుపెట్టాయి. ఆ నోళ్లకు సిగ్గు లేదు సరే, ఆ పిలుపు ఆమెకూ బాగానే ఉండింది. ఎందుకుండదు, పంతొమ్మిదేళ్లు పడ్డ మనిషి.

ఇది రెండువేల మూడు ఏప్రిల్. ఇవాళ కమిటీ సంతకం పెడితే పన్నెండు ఊళ్లలో ఆమె ఫిల్టర్లు లేస్తాయి. యూనివర్సిటీలో నానో కేంద్రం వస్తుంది, దానికి ప్రొఫెసరు ఆమే. కమిటీ సంతకం పెట్టే ఆ కాగితంలోనే కింద ఇంకో వాక్యం ఉంది. వచ్చే నెల ఒకటి నుంచి బొంతకుంటకూ ఆ పన్నెండు ఊళ్లకూ మంజీర నది నీళ్లు తెచ్చే ట్యాంకర్లు బంద్.

ముత్తంగిలో ఆటో మాట్లాడుకుని, లక్డారం దాటి బొంతకుంట చేరేసరికి ఎనిమిదయింది. బోరు పక్కన రేకుల షెడ్డు, అందులో మనిషెత్తు సిమెంటు డ్రమ్ము. దాని నిండా తుప్పు రేణువులు పూసిన ఇసుక. పైన బోరు నీళ్లు పోస్తే కింద నల్లాలోంచి సన్నగా దిగుతాయి. దాన్ని చూసుకునే మనిషి మల్లవ్వ. యాభై దాటిన మనిషి, ఊళ్లో అందరికీ పెద్ద దిక్కు. కమిటీ వస్తుందని షెడ్డు ముందు పేడనీళ్ల చానిపి చల్లి ముగ్గు పెడుతోంది.

"గింత పొద్దుగాల్నే వచ్చినవ్, తాజమ్మా. చాయ్ పెట్టాల్నా?"

"చాయ్ తర్వాత తాగుత అవ్వా. ఒక్క ముచ్చట అడుగుత, నిజం చెప్పాలె. సోమవారం సోమవారం నీలంమూత సీస నింపుతవ్ గద, ఏడ నింపుతవ్?"

మల్లవ్వ ముగ్గు పిండి చేతిలోనే ఉండిపోయింది. "గీడ్నే," అంది.

"ఈ నల్ల కిందనా?"

మల్లవ్వ వంగి ముగ్గు గీత ఒకటి దిద్దింది.

"నిన్ను తప్పు పట్టనీకి రాలే అవ్వా. నాకే మస్తు పరేషానున్నది. జెర చెప్పు."

మల్లవ్వ చేతులు దులుపుకుంది. "మొదట్ల రెండు సోమవారాలు ఈన్నే పట్టిన. మూడోసారి నువ్వే అంటివి, ఈ సీస పట్నంల పెద్దసార్లు చూస్తరని. పెద్దసార్ల ముందటికి కంపు నీళ్లు ఎట్ల పంపుతం? ఫిల్టర్ల దిగినా జెర వాసన ఉంటనే ఉంటది. అందుకే ఇంట్ల చుట్టాల కుండల కెల్లి పోసిన."

చుట్టాల కుండ అంటే తాజున్నీసాకు తెలుసు. ఫ్యాక్టరీలొచ్చి బోరు చెడిపోయినప్పటి నుంచీ బొంతకుంటలో ప్రతి ఇంట్లో ఆ కుండ ఉంటుంది. వారానికి రెండుసార్లు ట్యాంకరు వస్తే మొదటి బిందె ఆ కుండలోకి పోతుంది. ఇంటికొచ్చినవాళ్లకు ఆ నీళ్లే ఇస్తారు. పిల్లనిచ్చేవాళ్లు సంబంధం చూసుకోవడానికి వస్తే, నీళ్లు కంపని తెలిస్తే గుమ్మం దిగి పోతారు మరి. ఇంట్లోవాళ్లు దప్పికతో ఉన్నా ఆ కుండ ముట్టరు. ఎనిమిది నెలలుగా తాజున్నీసా ల్యాబులో పరీక్షించి, పట్టిక గీసి, పత్రికలో అచ్చేయించి చప్పట్లు కొట్టించుకున్నది ఆ కుండ నీళ్లనే.

"ఊరి ఇజ్జత్ గద తాజమ్మా. నీ ఇజ్జత్ కూడ," అంది మల్లవ్వ.

తాజున్నీసా నల్లా వైపు చూపించింది. "మరి ఈ ఫిల్టర్ నీళ్లు ఎవరు తాగుతున్నరు?"

"అందరం తాగుతున్నం. నువ్వే తాగుమంటివి గద."

నిజమే. నవంబరులో, పది సీసాల లెక్కలు చేతిలో పట్టుకుని, ఇదే షెడ్డు ముందు నిలబడి, ఇగ నిశ్చింతగా తాగండి అని చెప్పింది. అంతకుముందు ఊరివాళ్లు ట్యాంకరు నీళ్లు చాలీచాలకుండా పంచుకుని తాగేవాళ్లు. ఆమె మాట విన్నాక నలభై రెండిళ్లూ ఫిల్టరుకు మారాయి.

ఇంకా ఒక్క ఆశ ఉంది. సీసాలు మారినంత మాత్రాన ఫిల్టరు పనిచేయడం లేదని కాదు. సంచీలోంచి పరీక్ష పెట్టె తీసింది. చిన్న సీసాలో నల్లా నీళ్లు పట్టి, మందుపొడి వేసి, మూత లోపల తెల్ల కాగితం బిగించి నేలమీద పెట్టింది. నీళ్లలో పాషాణం ఉంటే ఆవిరై పైకొచ్చి కాగితానికి రంగు పట్టిస్తుంది. ఇరవై నిమిషాలు ఆగాలి. గడియారం చూసింది, రోడ్డు చూసింది, మళ్లీ గడియారం చూసింది. ఆమె మొహం చూసి మల్లవ్వ కూడా ముగ్గు వదిలేసి పక్కనే చతికిలబడింది.

మూత తీసేసరికి కాగితం ముదురు పసుపు తిరిగి ఉంది, అంచుల్లో గోధుమరంగు. పెట్టెలోని రంగుల పట్టీ పక్కన పెట్టి చూసింది. అరవై. బోరులో లీటరుకు తొంభై మైక్రోగ్రాములు, ఉండాల్సింది పదిలోపు. ఇంకోసారి చేసింది. మళ్లీ అరవై. ల్యాబులో శుభ్రమైన నీళ్లలో పాషాణం కలిపి చూసినప్పుడు ఫిల్టరు బ్రహ్మాండంగా పనిచేసింది. ఇక్కడా మొదటి రెండు సీసాల్లో, ఇసుక కొత్తది కాబట్టి, తగ్గింది. కానీ ఈ ఫ్యాక్టరీల నీళ్లలో పాషాణమొక్కటే ఉంటుందా? ఇంకా నానా చెత్తా వచ్చి రేణువుల మీద ముందే కూర్చుంటే దానికి చోటెక్కడిది? ఇంత చిన్న సంగతి తనకెందుకు తట్టలేదని ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

పదింటికి కారు దిగాడు సూర్యారావు. తాజున్నీసా శాఖకు అధిపతి, ఇంకో రెండు నెలల్లో రిటైరవుతాడు. వెంట బ్యానరు, దండలు, ఫోటోగ్రాఫరు. తాజున్నీసా ఆయన్ని షెడ్డు వెనక్కి తీసుకెళ్లి అంతా చెప్పింది. ఆయన విన్నాడు. కోపం రాలేదు, అది చూసే ఆమెకు భయమేసింది.

"ఇంకెవరికైనా చెప్పారా?" అన్నాడు.

"లేదు సార్."

"అయితే ఇవాళ్టికి కానివ్వండి. సంతకం పడనివ్వండి. నెలరోజుల్లో ఇసుక మార్చేద్దాం."

"ఒకటో తారీకు ట్యాంకర్లు ఆగిపోతయి సార్. తర్వాత వీళ్లకు ఇవి తప్ప వేరే నీళ్లుండవు."

సూర్యారావు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "సరే, అట్లా వద్దంటే ఇంకో దారి ఉంది. ఆవిడ సీసాలు మార్చిందని చెబుదాం. చదువురాని మనిషి, పొరపాటు చేసింది. ప్రాజెక్టు ఆరు నెలలు వాయిదా పడుతుంది, అంతే. మీ పేరు చెడదు, ప్రొఫెసరు పోస్టూ చెడదు. ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు తాజున్నీసా గారూ, ఆలోచించుకోండి."

నిజంగానే అందులో అబద్ధం లేదు. పంతొమ్మిదేళ్లు, తుప్పు మేడమ్ అన్న నవ్వులు, పక్క గదిలో కూర్చున్న శిష్యుడు, అన్నీ కళ్లముందు తిరిగాయి. ఒక్క మాట అనేస్తే చాలు, అంతా మల్లవ్వ మీదికి పోతుంది. ఆ అవ్వకు పోయేదేముంది, ఉద్యోగమా, పేరా? ఇలా అనుకున్నందుకు ఆమెకు సిగ్గేసింది. సిగ్గేసినా ఆ ఆలోచన పోలేదు.

కమిటీ కార్లు పావుగంట ముందే వచ్చాయి. దండలయ్యాయి, ఫోటోలయ్యాయి. డ్రమ్ము చుట్టూ తిరిగి చూడటమూ అయింది. అంతలో మల్లవ్వ స్టీలు గ్లాసుల్లో నీళ్లు తెచ్చింది. ఎక్కడివో తాజున్నీసాకూ సూర్యారావుకూ తెలుసు. ఢిల్లీ ఛైర్మన్ గ్లాసెత్తి ఫోటోగ్రాఫరు వైపు తిరిగి తాగాడు. నీళ్లు తియ్యగా ఉన్నాయని హిందీలో అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. సూర్యారావు ఫైలు తెరిచి పట్టుకున్నాడు, ఛైర్మన్ జేబులోంచి పెన్ను తీశాడు.

"సర్, మీరు తాగినవి ఫిల్టరు నీళ్లు కావు," అంది తాజున్నీసా, హిందీలోనే. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ట్యాంకరు నీళ్లు. ఫిల్టరు నీళ్లలో ఉన్నది ఇదీ." పసుపు తిరిగిన కాగితం ముందు పెట్టింది.

సూర్యారావు చటుక్కున ముందుకొచ్చాడు. "శాంపిల్స్ తీసే ఆడమనిషి పొరపాటు చేసింది సర్. ఇవాళే బయటపడింది."

అందరి కళ్లూ మల్లవ్వ మీదికి తిరిగాయి. ఆమెకు హిందీ బాగానే అర్థమవుతుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నాదే తప్పు సారూ," అంది.

"నీది కాదు అవ్వా." తాజున్నీసా ఛైర్మన్ వైపు తిరిగింది. "ఇంటికొచ్చినవాళ్లకు ఈ ఊరు ఎట్లాంటి నీళ్లిస్తుందో ఈమె అట్లాంటివే మనకిచ్చింది. ముప్ఫై నాలుగు సీసాలు నా చేతికొచ్చాయి. నేను పాషాణం ఒక్కటే చూశాను, అది తగ్గాలని కోరుకున్నాను, తగ్గింది. ఒక్కసారి ఉప్పు చూసినా మూడో వారమే తెలిసిపోయేది. రసాయన శాస్త్రం చదివింది నేను, ఈమె కాదు. తాగమని ఊరికి చెప్పింది కూడా నేనే. ఇదంతా రాసుకోండి. ట్యాంకర్లు మాత్రం ఆపకండి."

ఛైర్మన్ పెన్ను మూత పెట్టాడు. దీని ఫలితం ఏమిటో తెలిసే మాట్లాడుతున్నారా అని అడిగాడు. తెలుసంది. ఆయన పక్కనున్న అధికారితో ట్యాంకర్ల సంగతితో సహా ఆమె చెప్పిందంతా రాయించి, దాని కింద ఆమె చేత సంతకం చేయించుకుని కారెక్కాడు. సూర్యారావు దండలు, బ్యానరు అక్కడే వదిలేసి వెళ్లాడు. పోతూ పోతూ, "పంతొమ్మిదేళ్లు బూడిదలో పోశారు," అన్నాడు. ఆయన అన్నది తప్పేం కాదు.

కార్ల దుమ్ము అణిగాక మల్లవ్వ దగ్గరికొచ్చింది. "మరి మేం ఇన్నాళ్లు తాగినయ్?"

తాజున్నీసా పరీక్ష పెట్టె సర్ది సంచీలో పెట్టుకుంది. "ముందు ఇయ్యాల్టి నుంచి ఎవ్వరూ తాగొద్దు. ఇంటింటికి పోయి నేనే చెప్పాలె. పా అవ్వా."

మొదటి ఇల్లు ఎంకమ్మది. గడపలో ఫిల్టరు నీళ్ల బిందె దించుకుంటోంది. తాజున్నీసా చెప్పింది మొత్తం నిలబడి విన్నది.

"నువ్వే గద మేడమ్ తాగుమన్నది?"

"నేనే. తప్పు చెప్పిన. పారబొయ్యి."

ఎంకమ్మ బిందె వంచింది. నీళ్లు వాకిలంతా పారుతుంటే చూస్తూ, "నా కోడలుకు ఏడో నెల," అంది. "వేవిళ్లల్ల ఏం తిన్నా కక్కేది. ఈ నీళ్లే తాపిన, మంచియని."

"రేపు పొద్దుగాల్నే నేనొస్త. దవాఖానకు నేనే తీస్కపోత," అంది తాజున్నీసా.

"నువ్వా?" అంది ఎంకమ్మ.

లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. తాజున్నీసా ఆ తడి వాకిలి దాటి, మల్లవ్వతో కలిసి రెండో ఇంటికి నడిచింది.