నీ చేతుల్లోనే ఉండనీ

శుక్రవారం పొద్దున్నే ఫిషెల్ తన యజమానుల వంటింటి కిటికీ దగ్గర ముక్కాలిపీట మీద కూర్చుని, సీమసుద్ద పొడిలో నాలుగు చుక్కల వెనిగర్ కలిపి, నల్ల గుడ్డను వేలికి చుట్టుకున్నాడు. కొవ్వొత్తుల సెమ్మెలు తోమడం అయిపోయింది. మిగిలింది సబ్బాతు విశ్రాంతి దినానికి ద్రాక్షరసం పోసే వెండి గిన్నె. నలభై ఏళ్లుగా అదే పీట, అదే కిటికీ. వీపు కొడవలిలా వంగింది. గోళ్ల సందుల్లోని నలుపు ఏ స్నానానికీ వదల్లేదు.

మా రెబ్బె గారు, అంటే గురువుగారు, స్వయంగా ఇచ్చిన నాణెం కరిగించి ఈ ఇంటి తాతగారు చేయించిన గిన్నె అది. దాంతో తాగితే ఊడిన పళ్లు మళ్లీ మొలుస్తాయని మా మామ ఒట్టేసి చెప్పేవాడు. ఆయనది మాత్రం చివరిదాకా బోసినోరే.

కొత్త గిన్నెను ఆశీర్వాదానికి తీసుకెళ్లిన రోజు రెబ్బె గారి ఇంటి మెట్ల మీద మంచు పేరుకుంది. గిన్నె మోస్తున్నది అప్పట్లో ఈ ఇంట్లో పనిచేసే ఫిషెల్ తండ్రి. "జాగ్రత్త, నీ చేతుల్లోనే ఉండనీ," అన్నారు రెబ్బె గారు. మెట్లు జారుతున్నాయని అన్నారేమోనని నా అనుమానం. రెబ్బె గారి మాటకు అంత చిన్న అర్థం ఉంటుందంటే మావాళ్లు ఒప్పుకుంటారా? ఆ రోజు నుంచి ఆయన తప్ప మరొకరు గిన్నె తోమలేదు. తండ్రి పోయాక ఆ పని కొడుకు చేతులకు వచ్చింది.

ఫిషెల్ జేబులో పట్నంలో ఉండే చెల్లెలు షిఫ్రా ఉత్తరం ఉంది. "గది ఖాళీగా ఉంది అన్నయ్యా. గాజు గ్లాసుతోనే సబ్బాతు చేసుకుందాం. ఆదివారం బండెక్కు." పదకొండేళ్లుగా ప్రతి ఉత్తరమూ ఇదే.

"అమ్మగారూ, ఈ ఆదివారం బండికి పోతాను."

యజమానురాలు హిండె రొట్టెపిండిని జడలా అల్లుతోంది. "పస్కా పండగ కానీవయ్యా."

"ఏ ఏటి పస్కా తల్లీ? మోషే గారు అంతమందిని ఐగుప్తు దాటించడానికి కూడా ఇంతకాలం పట్టలేదు!"

"నోరు చూడు! పోతే పో. చేతులు ఇక్కడ పెట్టి పో."

ఇద్దరూ నవ్వారు. ఫిషెల్ ముందు ఆపాడు.

"గిన్నె అరిగిపోతోందమ్మా. దాని మీద చెక్కిన తాతగారి పేరులో మూడక్షరాలు ఈ గుడ్డకెక్కాయి."

"అయితే ఆ గుడ్డ ఉతకొద్దు. అది రెబ్బె గారి వెండి."

సాయంత్రం సబ్బాతు దీపాలు వెలిగించే వేళకు హిండె గిన్నె కోసం వచ్చింది. ఫిషెల్ నుదురు కిటికీ అద్దానికి ఆనించి ఉన్నాడు. రెండుసార్లు పిలిచింది. ఒళ్లో గిన్నె తళతళలాడుతోంది. దాని చుట్టూ బిగిసిన వేళ్లను ఆమె భర్త ఆన్షెల్ ఒక్కొక్కటిగా విప్పాడు.

సబ్బాతు నాడు పాతిపెట్టకూడదు గనక ఆదివారం పొద్దున పాతిపెట్టాం. పట్నం బండి శ్మశానం గోడ పక్కనుంచే వెళ్లింది.

"ఆ గుడ్డ షిఫ్రాకు పంపుదామా?" అన్నాడు ఆన్షెల్.

"రెబ్బె గారి వెండి గడప దాటుతుందా?" అంది హిండె.

అద్దాల బీరువా తెరిచి, గుడ్డను గిన్నె పక్కన పెట్టి తాళం వేసింది. ఫిషెల్ వేలికి చుట్టుకున్న మడత ఇంకా విడలేదు ఆ నల్ల గుడ్డలో.