పిల్లల గుంపు

"నువ్వేదో నొక్కి ఉంటావు," అన్నారు మా ఆయన, చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీయకుండానే.

ఏమీ నొక్కలేదు మహాప్రభో! పాలు కాచి, చిట్టిని బడికి పంపి, అత్తయ్యకి మాత్రలిచ్చి ల్యాప్‌టాప్ తెరిచాను, అంతే. మైకు తగిలించే ఆడియో బాక్స్‌కి పచ్చలైటు వెలుగుతూనే ఉంది. రికార్డింగ్ ప్రోగ్రాం మాత్రం ఏ పరికరమూ లేదంటోంది.

నేను పుస్తకాలు చదివి రికార్డు చేస్తాను. ఇప్పుడొక నవల సగంలో ఉంది. ఆగిపోయిన అధ్యాయం ఈ సాయంత్రంలోగా అందకపోతే మొత్తం పుస్తకం ఇంకో గొంతుతో మొదట్నుంచీ చదివిస్తామని స్టూడియోవాళ్ళు తేల్చి చెప్పేశారు. వాళ్ళననడానికేముంది, గడువు ఇప్పటికే రెండుసార్లు దాటించాను. ఒకసారి చిట్టికి జ్వరం, ఇంకోసారి ఆడపడుచు కుటుంబం దిగడం. ఆ నవలంటే నాకు ప్రాణం. ఈ ఇంట్లో ఆ ముక్క అంటే నవ్విపోతారు.

కేబుల్ మార్చాను. ఇంకో పోర్టులో పెట్టాను. ఆపి మళ్ళీ వేశాను. వైరస్‌లు రావని ఆయనే నా ల్యాప్‌టాప్‌లో విండోస్ తీసేసి లైనక్స్ ఎక్కించి, తనకీ అందులో ఒక అకౌంట్ పెట్టుకున్నారు. బాక్స్‌ని నడిపించే డ్రైవర్ ప్రోగ్రాం తీసి మళ్ళీ ఎక్కించమని ఇంటర్నెట్‌లో ఎవరో రాస్తే, ఆ ఆదేశం కొట్టి పాస్‌వర్డ్ ఇచ్చాను. మీకు ఆ అధికారం లేదు, ఈ ప్రయత్నం నమోదవుతుంది, అంది ల్యాప్‌టాప్. పోయిన వారం దాకా ఉన్న అధికారం ఏమైనట్టు? ఒళ్ళు మండిపోయింది.

మళ్ళీ పక్కగదికి వెళ్ళాను.

"మీటింగ్‌లో ఉన్నా. రాత్రికి చూస్తాలే, ఈలోగా నువ్వేం కెలక్కు."

"సాయంత్రానికి పంపాలండీ."

"అబ్బా! పుస్తకం ఎక్కడికి పోతుందే?"

అత్తయ్య వంటింట్లోంచి అందుకున్నారు. "గట్టిగా చదవడమేగా అమ్మాయ్, ఫోన్‌లో చదివి పంపెయ్. ఇటొచ్చి ఈ ఉల్లిపాయలు కాస్త తరుగు."

తరగలేదు. స్టూడియోలో సౌండ్ ఇంజినీరుకి ఫోన్ చేశాను. ఆమె ఓపిగ్గా అంతా విని, "గ్రూప్స్ అని కొట్టండి, మిమ్మల్ని ఏ గుంపులో పెట్టిందో చెబుతుంది. ఆడియో గుంపులో లేకపోతే ఆ బాక్స్ మీకు కనబడదు," అంది.

కొట్టాను. నా అకౌంట్ పేరు, దాని పక్కన ఒకే మాట: పిల్లలు.

"ఆడియో గుంపు లేదా?"

"లేదు."

"పిల్లలనే గుంపు ఎవరు పెట్టారు?"

అప్పుడు గుర్తొచ్చింది. ఆదివారం ఆయన చిట్టి వీడియోలకి హద్దులు పెడుతూ, "పనిలో పని, నీదీ సర్దేశాను," అన్నారు. మంచి పని చేశారని మెచ్చుకుని టీ కూడా ఇచ్చాను, నా మొహం! ఆ సంగతే ఆమెకి చెప్పాను.

"పాత గుంపులు ఉంచి కొత్తది కలపాలండీ. ఆయన పాతవన్నీ తీసేసి ఇదొక్కటే ఉంచారు. చాలామంది చేసే పొరపాటే," అంది ఆమె.

తీసెయ్యడం పొరపాటే కావచ్చు. నన్ను పిల్లల్లో కలపడం మాత్రం తెలిసే చేశారు. బాక్స్ బాగానే ఉంది, కేబుల్ బాగానే ఉంది, డ్రైవర్ బాగానే ఉంది. మొగుడుగారి లెక్కలో నేనూ, పాలపళ్ళు ఊడుతున్న నా కూతురూ ఒకటే. ఇన్నేళ్ళుగా ఈ ఇల్లు నడుపుతున్నదాన్ని, ఒక బటన్ నొక్కడానికి నమ్మకం చాల్లేదు! ఏడుపొచ్చింది. గొంతు బొంగురుపోతే చదవలేనని మింగేశాను.

ఆయన లైనక్స్ ఎక్కించడానికి వాడిన పెన్‌డ్రైవ్ సొరుగులోనే ఉంది. దాంతో ల్యాప్‌టాప్ తెరిస్తే ఎవరి అధికారమూ అక్కర్లేదట. ఆమె ఫోన్‌లో చెబుతుంటే ఒక్కొక్క లైనే కొట్టి, నన్ను ఆడియో గుంపులోనూ, అన్ని అధికారాలూ ఉండే యజమానుల గుంపులోనూ పెట్టుకున్నాను. మామూలుగా మళ్ళీ తెరిచాక ప్రోగ్రాంలో నా బాక్స్ పేరు కనిపించింది. ఫ్యాన్ ఆపి, గడియ పెట్టి చదవడం మొదలుపెట్టాను. బయట "అమ్మాయ్" అని రెండుసార్లు వినిపించింది. ఆ రెండు వాక్యాలూ మళ్ళీ చదివాను.

అధ్యాయం పంపాను. అందింది, తర్వాతది కానివ్వండి, అని జవాబొచ్చింది. అప్పుడు ఇంకో పని చేశాను.

భోజనాలయ్యాక ఆయన నా కుర్చీలో కూర్చుని ల్యాప్‌టాప్ మూత తెరిచారు.

"ఇదేంటి, లాగిన్‌లో నా పేరే లేదు?"

"తీసేశాను. మీ ఫైళ్ళన్నీ వేరే డిస్కులో జాగ్రత్తగా ఉన్నాయి."

"నన్నడక్కుండానా?"

"ఇది నా ఆఫీసండీ," అన్నాను. "ఇకమీదట తలుపు కొట్టి రండి."