పర్వాలేదన్న ముప్ఫై ఆరు ఇళ్లు

దుప్పటి కొసలు రెండూ సమంగా అందిస్తేనే ఇస్త్రీ యంత్రం దాన్ని తిన్నగా లోపలికి లాక్కుంటుంది. ఒక కొస జారితే మడత పడుతుంది, మడత పడితే మళ్లీ తడిపి మొదటికి రావాలి. ఆసుపత్రి లాండ్రీలో పదకొండేళ్లుగా యంత్రానికి ఎడమవైపు నిలబడుతున్న పిన్నికి కొస వెతుక్కునే పని లేదు. తడి గుట్టలో చెయ్యి పెడితే అదే వేళ్లకి తగులుతుంది. ఆవిరికి ఆమె మణికట్టు దగ్గర చర్మం నున్నగా, ఎర్రగా తేలింది. ఉదయం ఆరు నుంచి రెండు దాకా నిలబడే ఉద్యోగం.

పిన్ని ఆమె పేరు కాదు. ఆమె ఉండే, తెలుగువాళ్లు నిండిన ఆరంతస్తుల భవనంలో ఏ పిల్లో అలా పిలిస్తే, వయసులో పెద్దవాళ్లు కూడా అందుకున్నారు. కొళాయి కారినా, బడి నుంచి అర్థంకాని ఉత్తరం వచ్చినా, పక్కింటితో మాటా మాటా పెరిగినా ఆమె తలుపే తడతారు. మీరు నాయకురాలండీ అంటే మాత్రం చిరాకు పడుతుంది. "నాయకత్వమా పాడా. అందరికంటే ఓ గంట ముందు లేస్తాను, అంతే."

నాయకురాలని పిలిచి ఈ చీవాట్లు తిన్నది ఒక కాలేజీ అమ్మాయి. బతుకుతెరువుకి ఈ దేశం వచ్చినవాళ్ల మధ్య ఇలా ముందుండి పనులు చక్కబెట్టేవాళ్ల దగ్గర మూడు నెలలు ఉండి, సాయం చేసి, పని నేర్చుకు రమ్మని కాలేజీ వాళ్లు పంపారు. అమ్మానాన్నలు తెలుగువాళ్లే గానీ పిల్ల పుట్టి పెరిగింది ఇక్కడ. ఆమె తెలుగు వంటింటి గుమ్మం దాటలేదు. ఎప్పుడూ ఫైలు చంకన పెట్టుకు తిరుగుతుందని భవనమంతా ఆమెకి కాగితాల పిల్ల అని పేరు పెట్టేసింది.

భవనంలో లిఫ్టు ఆగిపోయి ఐదు నెలలైంది. భవనం బాగోగులు చూసే ఇళ్ల ఆఫీసు వాళ్లు ఏం అడిగినా కాగితం మీదే అడుగుతారు. అందుకని కాగితాల పిల్ల నలభై ఇళ్లూ తిరిగి, గుమ్మాల్లో తన మడత స్టూలు వేసుకుని ఫారాలు నింపి ఇచ్చింది. ఇవాళ ఐదింటికి అక్కడ మీటింగు. ఈ మీటింగులో లిఫ్టు బాగుచేయడానికి ఒప్పుకోకపోతే ఇక వచ్చే ఏడాదే. ఆరో అంతస్తులో ఉన్న పిన్ని అత్తగారు ఈ ఐదు నెలల్లో ఒక్కసారీ నేల మీద అడుగుపెట్టలేదు.

పదింటి విరామంలో పిన్ని బయటికి వచ్చేసరికి లాండ్రీ వెనక తలుపు దగ్గర కాగితాల పిల్ల నిలబడి ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"పిన్నీ, కొంప ముంచాను."

"ఎవరి కొంప? నిదానంగా చెప్పు."

"లిఫ్టు లేక ఇబ్బందిగా ఉందా అని అడిగాను కదా. అందరూ పర్వాలేదన్నారు. నేను ఇబ్బంది లేదు అని రాసేశాను. ముప్ఫై ఆరు ఇళ్లకి."

"మరి మిగతా నాలుగు?"

"వాళ్లు ఇంట్లో లేరు."

పిన్నికి ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఐదింటి మీటింగు గుర్తొచ్చింది. పిల్ల కళ్లు తుడుచుకుంది. "రాత్రి అమ్మకి ఫోన్ చేశాను. ఎలా ఉన్నావంటే పర్వాలేదంది. నాన్న ఫోన్ లాక్కుని, నూట మూడు జ్వరమే తల్లీ అన్నాడు. అప్పుడు తెలిసింది నాకు, ఆ మాటకి అర్థం."

తప్పు పిల్లొక్కదానిదే ఎలా అవుతుంది? మనవాళ్లు కాలు విరిగినా పర్వాలేదంటారు. అడిగినవాళ్లని శ్రమ పెట్టకూడదని, మన గోడు వాళ్లకెందుకని.

"నా ఫారంలో ఏముంది?"

పిల్ల తల దించుకుంది. "అదే. మొదట అడిగింది మిమ్మల్నే."

పిన్ని కొంగు నడుముకి బిగించుకుంది. "సరే. నా పని రెండింటికి అవుతుంది. ఈలోగా తప్పు రాశానని ఒక కాగితం తయారుచెయ్యి."

"మార్కులు పోతాయి పిన్నీ. ఇవాళే నా ఆఖరి రోజు."

"పోతాయి కాబోలు. రాయి."

రెండున్నరకి ఇద్దరూ మొదటి తలుపు తట్టారు. పిన్ని ఇబ్బందా అని అడగలేదు. పర్వాలేదని జవాబు చెప్పడానికి వీల్లేకుండా అడిగింది. పొద్దున్న నీళ్ల డబ్బా ఎన్నిచోట్ల కింద పెట్టావు? బాబుని డాక్టరుకి చూపించి ఎన్నాళ్లయింది? ఐదో అంతస్తులో ఉండే దర్జీ అలవాటు కొద్దీ, "పర్వాలేదు పిన్నీ, గడిచిపోతోంది" అన్నాడు.

"ఆ మాట ఇంకోసారి అన్నావంటే నీ గుమ్మం తొక్కను. నిండు చూలాలు, మీ ఆవిడ పైకి రావడానికి ఎంతసేపు పడుతోంది?"

దర్జీ లోపలికి చూశాడు. "ఇరవై నిమిషాలు. మధ్యలో ఏడుస్తుంది."

"రాయవే" అంది పిన్ని.

మీటింగు గదిలో పొడుగాటి బల్లకి అటు అధికారి, ఇటు పిన్ని, పక్కన పిల్ల కూర్చున్నారు. వెనక భవనం నుంచి పద్దెనిమిది మంది వచ్చారు. అధికారి పాత ఫారాలు తిరగేసి, మీరే ఇబ్బంది లేదన్నారుగా అన్నాడు. కాగితాల పిల్ల లేచి, తప్పు తనదని తన కాగితం పైకి చదివింది. అధికారి కొత్త కాగితాలూ పాతవీ పక్కపక్కన పెట్టుకుని, వీటిలో ఏది నమ్మమంటారని అడిగాడు. పాతవాటిలో పైనున్న ఫారం తీసి పిన్నికేసి తిప్పాడు. పిల్ల ఆయన మాటలు తెలుగులో చెప్పింది.

"ఇది మీదేనట. మీకు ఇబ్బంది ఉందా, లేదా అంటున్నారు."

అత్తగారి గురించి చెప్పమంటే గంట చెప్పేది. దర్జీ భార్య గురించీ చెప్పేది. తన గురించి అనేసరికి పర్వాలేదన్న మాటే పిన్ని నోటిదాకా వచ్చింది. పెళ్లయిన నాటి నుంచీ ఆ ప్రశ్నకి ఆమె దగ్గర ఒకటే జవాబు. సిగ్గనిపించింది. వెనక పద్దెనిమిది మంది వింటున్నారు.

"ఉంది" అంది చివరికి. "నా మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. నాలుగో అంతస్తు దగ్గర ఆగిపోతాను. మెట్టు మీద కూర్చుంటే మళ్లీ లేవలేను, అందుకని గోడ పట్టుకుని నిలబడతాను. ఎవరైనా వస్తుంటే ఫోన్ చూసుకుంటున్నట్టు నటిస్తాను. ఇంట్లో కూడా తెలీదు."

పిల్ల ఆ మాటలన్నీ ఒక్కటీ వదలకుండా ఆయన భాషలో చెప్పింది. వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది. "మాకూ ఇబ్బందేనండి" అంటూ దర్జీ లేచాడు. తర్వాత ఒకరొకరే లేచారు. అధికారి కళ్లజోడు తీసి, తుడుచుకుని, మూడు వారాల్లో లిఫ్టు బాగుచేయాలని రాసి సంతకం పెట్టాడు.

భవనం చేరగానే పిన్ని అత్తగారికి చెప్పి వస్తానని పిల్ల పైకి పరుగెత్తింది. దిగి వచ్చి, గేటు దగ్గర కాలేజీ వాళ్ల కాగితం తీసింది. విద్యార్థిని ఎలా పనిచేసింది? పిన్ని తెలుగులోనే రాసింది: తప్పు చేసింది, తనే నిలబడి ఒప్పుకుంది, ఇలాంటి పిల్లని మళ్లీ పంపండి. కింద నాయకురాలి సంతకం అని ఉంటే, ఏమీ అనకుండా పెట్టింది. పిల్ల ఆమెని గట్టిగా పట్టుకుని, వదిలి, బస్సెక్కింది. పిన్నికి ఏడుపొచ్చింది. కూతురు వెళ్లినట్టే ఉంది ఆమెకి.

ఇంకా వెలుగుంది. పిన్ని రెయిలింగు పట్టుకుని మెట్లెక్కింది. మూడు దాటింది. నాలుగో అంతస్తు మలుపులో చెయ్యి అలవాటుగా గోడకేసి పోయింది. గోడవారన మడత స్టూలు ఒకటి విప్పి వేసి ఉంది. పాతది, ఆకుపచ్చ గుడ్డది, కాలి మీద కాలేజీ హాస్టలు గది నంబరు తెల్ల పెయింటుతో వేసి ఉంది.